గేర్‌బాక్స్ దించే ముందు టాపెట్ కవర్ చూడండి సార్

సార్, మీరు రాసింది రెండుసార్లు చదివాను. 2013 మోడల్ చిన్న పెట్రోల్ కారు, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. కడప నుంచి రాయచోటి బడికి వారంలో ఐదు రోజులు పోయొస్తారు. గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు మాడు వాసన వస్తోంది. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట అడుగున నల్లగా తడి ఉంది. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా ఆయిల్ తగ్గుతోంది. మెకానిక్ వంగి చూసి "వెనక ఆయిల్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాల, 14 వేలవుతుంది" అన్నాడు. దించమందామా వద్దా అని మీ ప్రశ్న.

ఇప్పుడే దించొద్దు. ఆ మెకానిక్ అబద్ధం చెప్పాడని నేననడం లేదు. అక్కడ తడి కనబడితే ఎవరికైనా మొదట తోచేది ఆ సీలే, అంటే ఇంజన్ ఇరుసు (క్రాంక్) గేర్‌బాక్స్ వైపు కొసన ఆయిల్ ఆపే రబ్బరు రింగు. కానీ వంగి చూసి తేల్చే విషయం కాదది. నేను కడపలో 28 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నా. వెనక సీల్ అనుకుని వచ్చిన బండ్లలో చాలావాటికి ఆయిల్ పైనుంచి దిగిందే.

మట్టిమిద్దె కారడం మీరు చూసే ఉంటారు. పైన చవుడు కొట్టుకుపోయిన చోటు ఒకటి, నీళ్ళు దూలం వెంబడి పాకి కింద పడే చోటు ఇంకొకటి. పడే చోట గిన్నె పెడతాం గానీ చవుడు పోసేది అక్కడ కాదు కదా. ఇంజన్లో ఆయిల్ కూడా అంతే, కిందికి దిగుతుంది. బండి పరుగులో ఉంటే గాలి దాన్ని వెనక్కి కూడా నెడుతుంది. అందుకే తడిసిన వాటన్నిటిలోకీ ఎత్తున ఉన్నది ఏది, ముందువైపు ఉన్నది ఏది అని వెతకాలి. అడుగున బొట్టు కట్టిన చోటు మనకు చెప్పేది చాలా తక్కువ.

ఈ పాఠం నేను ఇంకొకాయన డబ్బుతో నేర్చుకున్నాను. పన్నెండేళ్ళ కిందట మైదుకూరు నుంచి ఒక పెద్దాయన ఇట్లాంటి బండే తెచ్చారు. జాయింటు దగ్గర బొట్లు. నేను కూడా చూడగానే వెనక సీల్ అనేశాను. గేర్‌బాక్స్ దించి సీల్ మార్చడానికి రెండు రోజులు పట్టింది. తొమ్మిదో రోజు ఆయన మళ్ళీ వచ్చారు, అదే చోట అదే బొట్టు. షెడ్డు ముందు స్టూలు మీద కూర్చొని ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇంజన్ అంతా కడిగించి చూస్తే టాపెట్ కవర్ (ఇంజన్ నెత్తిన ఉండే మూత) వెనక మూలన, చెయ్యి సరిగా దూరని సందులో, ప్యాకింగ్ (ఆ మూత అంచు కింద ఆయిల్ ఆపే రబ్బరు) చెమరుస్తోంది. అక్కణ్ణించి ఆయిల్ హెడ్ (ఇంజన్ పైభాగం) పక్కగా దిగి, దాని కింది బ్లాక్ మీదుగా గేర్‌బాక్స్ మీదికి వచ్చి, జాయింటు చుట్టూ పాకి అడుగున బొట్టు కడుతోంది. ప్యాకింగ్ నా ఖర్చుతో వేసి, సీల్ పనికి తీసుకున్న కూలి ఆయనకు తిరిగిచ్చాను. అప్పటి నుంచి కడిగి చూడకుండా ఏ బండికీ ఫలానా సీల్ పోయిందని చెప్పను.

ఇప్పుడు మీ బండి సంగతి. మొదట అది ఇంజన్ ఆయిలేనా అన్నది తేల్చుకోండి. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్‌కు (ఇంజన్ తిప్పుడును గేర్‌బాక్స్‌లోకి తెచ్చే ఇరుసు) కూడా ఒక సీల్ ఉంటుంది. అది పోయినా బొట్టు అదే చోట పడుతుంది. తెల్లకాగితం మీద ఒక బొట్టు పట్టి వెలుతురులో చూడండి. నాలుగైదు వేల కిలోమీటర్లు తిరిగిన ఇంజన్ ఆయిల్ నల్లగా, పలచగా ఉంటుంది. గేర్ ఆయిల్ ఎక్కువగా తేనె రంగులో చిక్కగా ఉండి, గంధకం లాంటి ఘాటు వాసన కొడుతుంది. ఒకసారి వాసన చూస్తే మళ్ళీ మరిచిపోరు. పచ్చగానో గులాబీగానో ఉండి తియ్యటి వాసన వస్తే అది కూలెంట్, దాని కథ వేరు.

మీ పోర్టికోలో కడప బండలు పరిచారని రాశారు. నల్లబండ మీద నల్ల ఆయిల్ ఎట్లా కనబడుతుంది సార్? బహుశా ఈ లీకు చాలా నెలలుగా ఉండి ఉంటుంది, బండ దాన్ని దాచింది. రాత్రి బండి పెట్టాక కింద ఒక పెద్ద అట్టపెట్టె విప్పి పరచండి. నాలుగు చక్రాలు ఎక్కడున్నాయో అట్ట మీద సుద్దతో గుర్తు పెట్టండి. పొద్దున అట్ట తీసి చూస్తే బొట్టు ఏ భాగం కింద పడిందో, ఎన్ని పడ్డాయో రెండూ తెలుస్తాయి.

ఎన్ని పడ్డాయన్నది ఎందుకంటే, ఇక్కడ చిన్న లెక్క ఉంది. సుమారుగా 20 నుంచి 30 బొట్లు కలిస్తే ఒక మిల్లీలీటరు. రాత్రికి 10 బొట్లు పడ్డాయనుకున్నా అర మిల్లీలీటరుకు మించదు. నెలంతా పడినా 15 మిల్లీలీటర్లు. మీకు తగ్గుతున్నది వెయ్యి కిలోమీటర్లకు 500 మిల్లీలీటర్లు. అంటే ఆయిల్ నిలబెట్టిన బండిలోంచి పోవడం లేదు. ఇంజన్ తిరిగేటప్పుడు ఒత్తిడితో బయటికి వస్తూ ఉండాలి, లేదా లోపలే కాలిపోతూ ఉండాలి. రెండూ కలిసి కూడా ఉండొచ్చు. ఈ రెంటినీ వేరుచేయకుండా ఏ సీల్ మార్చినా, లీకు ఆగి ఆయిల్ మాత్రం తగ్గుతూనే ఉందని మళ్ళీ మీరే బాధపడతారు.

కాలిపోతోందా లేదా అన్నది మీ దారే చెబుతుంది. సాయంత్రం రాయచోటి నుంచి వస్తూ ఘాట్ దిగేటప్పుడు యాక్సిలేటర్ వదిలి, బండిని గేర్లోనే దించండి. కిందికొచ్చి మళ్ళీ యాక్సిలేటర్ తొక్కినప్పుడు వెనక కూర్చున్నవాళ్ళను పొగ చూడమనండి. నీలం పొగ ఒక్కసారి గుప్పుమని వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్ళు (వాల్వుల కాడల చుట్టూ ఆయిల్ ఆపే రబ్బర్లు) గట్టిపడ్డాయని అర్థం. దిగేటప్పుడు లోపల వ్యాక్యూమ్ ఎక్కువై ఆ సీళ్ళ గుండా ఆయిల్ లోపలికి గుంజుకుంటుంది, తొక్కగానే అది కాలుతుంది. అట్లా కాకుండా ఘాట్ ఎక్కినంతసేపూ నీలం పొగ వస్తూనే ఉంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల మీద అనుమానం పెట్టుకోవాలి. పొగే లేకపోతే మంచిది, మనకు మిగిలింది లీకు ఒక్కటే.

ఘాట్లో ఎక్కేటప్పుడే వాసన ఎందుకు వస్తుందో చెబుతాను, మీ బండికి ఇదే అసలు సంగతి కావచ్చు. సిలిండర్లో మంట మండినప్పుడు కొంత గ్యాస్ రింగుల పక్కనుంచి జారి కింద క్రాంక్ ఉన్న చోటికి దిగుతుంది. కొత్త ఇంజన్లో కూడా దిగుతుంది. ఆ గ్యాస్‌ను మళ్ళీ ఇన్‌టేక్‌లోకి (ఇంజన్ గాలి పీల్చే దారిలోకి) పంపడానికి పీసీవీ వాల్వ్ అని ఒకటి, దానికొక బ్రీదర్ పైపు ఉంటాయి. ఏళ్ళ తరబడి ఆయిల్ మడ్డి పేరుకుని ఆ వాల్వ్ మూసుకుపోతే గ్యాస్‌కు దారి ఉండదు. లోపల ఒత్తిడి పెరిగి, ఏ ప్యాకింగ్ బలహీనంగా ఉంటే అక్కడ ఆయిల్‌ను బయటికి తోస్తుంది. చదునైన రోడ్డు మీద ఈ గ్యాస్ తక్కువ. నలుగురు కూర్చొని, ఏసీ వేసుకొని, రెండో గేర్లో ఘాట్ ఎక్కితే చాలా ఎక్కువ. బయటికొచ్చిన ఆయిల్ సైలెన్సర్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే వేడి గొట్టం) మీద పడితే మాడు వాసన. మీరు రాసిన లక్షణాలు దీనికి సరిగ్గా అతుకుతున్నాయి.

దీన్ని చూడటం చాలా సులభం. ఇంజన్ వేడెక్కాక స్లోలో పెట్టి, ఆయిల్ పోసే మూత జాగ్రత్తగా తీయండి. ఆ మూతి మీద పలచని ప్లాస్టిక్ కవరు ఒకటి పరచండి. బాగున్న ఇంజన్ అయితే కవరు కొద్దిగా లోపలికి గుంజుకుంటుంది, లేదా అట్లాగే పడి ఉంటుంది. ఉబ్బి పైకి లేస్తూ టపటపా కొట్టుకుంటే లోపల ఒత్తిడి ఉంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తనంతట తాను పైకి లేచి ఉండటం, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఆయిల్ చేరడం కూడా దాని గుర్తులే. పీసీవీ వాల్వ్ విడిగా ఉండే ఇంజన్ అయితే దాన్ని ఊడదీసి ఊపండి, టకటకమని చప్పుడు రావాలి. ఒకవైపు నుంచి ఊదితే గాలి పోవాలి, రెండోవైపు నుంచి పోకూడదు. వందల రూపాయల సామాను అది. అనుమానం ఉంటే కొత్తదే వేసేయండి. పైపు మెత్తబడిందా, పగిలిందా అని కూడా చూడండి. ఒత్తిడి తగ్గించకుండా సీళ్ళు మార్చుకుంటూ పోతే ఒకచోట మూస్తే ఇంకొకచోట తన్నుకొస్తుంది.

తర్వాత కడగడం. చల్లారిన ఇంజన్ మీదే చేయాలి. డైనమో, కాయిళ్ళు (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు ఇచ్చేవి), ఎయిర్ పైపు మూతి పాలిథిన్ కవర్లతో కట్టేయండి. డీగ్రీజర్ కొట్టి, పాత పెయింటు బ్రష్‌తో సందుల్లో రుద్ది, నెమ్మదిగా నీళ్ళు పోయండి. వాటర్ సర్వీసింగ్ వాళ్ళ గన్‌తో వైర్ల కనెక్టర్ల మీద కొట్టనీయొద్దు, తర్వాత సెన్సర్ల లైట్లు వెలుగుతాయి. పెట్రోలుతో కడగడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు. బాగా ఆరనిచ్చి, బనియన్ వేస్ట్‌తో తుడిచి, అనుమానం ఉన్న జాయింట్ల మీద మామూలు టాల్కం పౌడర్ పలచగా అద్దండి. టాపెట్ కవర్ అంచు చుట్టూ, హెడ్డూ బ్లాకూ కలిసే గీత మీద, ఆయిల్ ప్రెషర్ స్విచ్ మొదట్లో, ఫిల్టర్ పైన, గేర్‌బాక్స్ జాయింటు పైభాగంలో. బెల్టు మీద, ఎయిర్ పైపు దగ్గర మాత్రం వద్దు.

ఆ తర్వాత ఒకసారి ఘాట్ ఎక్కండి. పైన గువ్వలచెరువులో కోవా అంగళ్ళ దగ్గర ఆపి, రొంత చల్లారనిచ్చి బానెట్ ఎత్తండి. తెల్లటి పౌడర్ మీద ఆయిల్ ఎక్కడ మొదలైతే అక్కడ గోధుమరంగు గీత పడుతుంది. మొదట సన్నగా వెంట్రుకంత ఉంటుంది, కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. ఆ గీతను కిందినుంచి పైకి చూసుకుంటూ పోండి, సన్నటి కొస ఎక్కడ ఆగిందో అదే చోటు. కన్ను ఆనని వెనక మూలకు ఫోన్ కెమెరా టార్చి వేసి వీడియో తీయండి. వెయ్యి కిలోమీటర్ల తర్వాత చూస్తే ఈ గీత ఉండదు, అంతా నల్లగా అలుక్కుపోతుంది. అందుకే 20, 30 కిలోమీటర్లలోనే చూడాలి. అట్లా కూడా దొరక్కపోతే ఆయిల్లో కలిపే రంగు ఉంటుంది, చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే లీకు మొదలైన చోట పసుపుపచ్చగా మెరుస్తుంది.

టాపెట్ కవర్ ప్యాకింగే అని తేలితే (నా అంచనా అదే) పని ఒక పూట. కానీ ఆ పూట ఓపికగా చేయాలి. కాయిళ్ళ కనెక్టర్లు మన ఎండలకు, ఇంజన్ వేడికి పెళుసెక్కి ఉంటాయి, లాగితే క్లిప్పు విరుగుతుంది. నొక్కి పట్టి తీయాలి. కవర్ అతుక్కుని రాకపోతే రబ్బరు సుత్తితో పక్కల మెల్లగా తట్టాలి. స్క్రూడ్రైవర్ దూర్చి పెకిలిస్తే అల్యూమినియం మీద గాటు పడుతుంది, ఆ గాటు గుండా కొత్త ప్యాకింగ్ కూడా కారుతుంది. పాత ప్యాకింగ్ తీసి చేతిలోకి తీసుకుని వంచి చూడండి. కొత్తగా ఉన్నప్పుడు గుండ్రంగా మెత్తగా ఉండే రబ్బరు, పదేళ్ళకు పలకలా అణిగి, వంచితే ఎండు వడియంలా పుటుక్కుమంటుంది. దాన్ని చూసినాక ఇంక సందేహం ఉండదు.

గాడి, హెడ్ పైఅంచు నూనె జిడ్డు లేకుండా తుడవాలి. స్పార్క్ ప్లగ్గుల గుంతల చుట్టూ ఉండే సీళ్ళు కూడా కొత్తవి వేయండి. అవి కారితే ఆయిల్ ప్లగ్గు గుంతలో నిండి బండి మిస్సింగ్ కొడుతుంది. ఇక పేస్టు సంగతి. చాలామంది కుర్రాళ్ళు ప్యాకింగ్ చుట్టూ సిలికాన్ పేస్టు దండిగా పూస్తారు, గట్టిగా పడుతుందని. లోపలివైపు పొంగిన పేస్టు ముక్కలై ఆయిల్లో పడి, కింద ఛాంబర్లో ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డం పడుతుంది. ఆయిల్ పైకి ఎక్కక ఇంజన్ పట్టేసిన బండిని నేను విప్పాను సార్, జల్లెడ నిండా ఎర్రటి పేస్టు ముక్కలే. రబ్బరు ప్యాకింగ్ పొడిగానే కూర్చోవాలి. టైమింగ్ కవరూ హెడ్డూ కలిసే రెండు మూలల్లో మాత్రం పెసరగింజంత పేస్టు, అంతే. ట్యూబు మీద రాసినంతసేపు ఆరనివ్వాలి. నేనైతే రాత్రంతా వదిలేస్తాను.

బోల్టులు మొదట చేత్తో తిప్పి, తర్వాత మధ్యలోంచి అంచులకు పోతూ రెండు విడతల్లో బిగించాలి. చిన్న ఇంజన్లకు చాలావరకు 10 న్యూటన్ మీటర్ల చుట్టూ ఉంటుంది, మీ మోడల్ సరైన అంకె సర్వీస్ మాన్యువల్లో చూడమనండి. అది చాలా తక్కువ బిగింపు. పొడుగు స్పానర్ వేసి బలంకొద్దీ బిగిస్తే ప్లాస్టిక్ కవర్ చిట్లుతుంది, రేకు కవర్ వంగుతుంది. "ఇంకొక పట్టు పడతా" అన్నవాడి చేతిలోంచి స్పానర్ తీసుకోండి.

పైన పొడిగా ఉండి ఇంకోచోట తేలితే కూడా భయపడొద్దు. ఆయిల్ ప్రెషర్ స్విచ్ చిన్న సామాను, పది నిమిషాల పని. ఫిల్టర్ దగ్గరైతే పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని దాని మీదే కొత్తది బిగించారేమో చూడాలి. అది చాలా ప్రమాదం, ఉన్నట్టుండి ఆయిలంతా పోసేస్తుంది. డ్రెయిన్ నట్ దగ్గరైతే వాషర్ కొత్తది వేస్తే చాలాసార్లు సరిపోతుంది.

పౌడర్ పరీక్షలో పైభాగమంతా పొడిగా ఉండి, గేర్‌బాక్స్ జాయింటు అడుగున మాత్రమే కొత్త ఆయిల్ కనబడి, కాగితం మీద అది ఇంజన్ ఆయిలే అని తేలితే, అప్పుడు వెనక సీలే. అప్పుడు మీ మెకానిక్ మాట సరైనదే, దించమనండి. దించినప్పుడు ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ కూడా మార్పించండి. క్లచ్ ప్లేటు 92 వేల కిలోమీటర్లు తిరిగింది, దాన్నీ రిలీజ్ బేరింగునూ కొలిచి చూడమనండి. అరిగి ఉంటే అప్పుడే వేయండి, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ అదే కూలి ఇవ్వడం ఎందుకు. ఆయిల్ క్లచ్ ప్లేటుకు అంటుకుని ఉంటే మార్చక తప్పదు. క్రాంక్ మీద సీల్ తిరిగే చోట గోటితో గీసి చూడాలి. గోరు ఆగేంత గాడి పడి ఉంటే కొత్త సీల్ అదే గాడిలో కూర్చోకుండా రొంత జరిపి వేయాలి, లేదంటే స్లీవ్ (ఆ గాడి మీద ఎక్కించే పలచని తొడుగు) వేయాలి. ఈ మాట మీరు ముందే అడగండి.

చిక్కటి ఆయిల్ పోస్తే లీకు తగ్గుతుందని, మన ఎండలకు అదే మేలని ఎవరో చెప్పారని రాశారు. వద్దు సార్. బయట 43 డిగ్రీలున్నా ఇంజన్ లోపల థర్మోస్టాట్ కూలెంట్‌ను 90 చుట్టూనే పట్టి ఉంచుతుంది. కంపెనీ పుస్తకంలో మీ బండికి ఏ గ్రేడు రాశారో, ఏ ఎండకు ఏది వాడొచ్చన్నారో అదే పోయండి. చిక్కటిది పోస్తే పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పైకి ఎక్కడం ఆలస్యమై కామ్ షాఫ్టులు, చైన్ టెన్షనర్ అరుగుతాయి. లీకు ఆపే మందు డబ్బాలు కూడా అంతే. రబ్బరును ఉబ్బించి కొన్నాళ్ళు ఆపినట్టు కనిపిస్తాయి, గట్టిపడి పగిలిన ప్యాకింగ్‌ను బాగుచేయలేవు.

పని అయ్యేదాకా ఈ రెండూ పాటించండి. వారానికి రెండుసార్లు, చదునైన చోట, ఇంజన్ ఆపి పది నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ చూడండి. చాలా కార్లలో కింది గుర్తుకూ పై గుర్తుకూ మధ్య సుమారు ఒక లీటరు ఉంటుంది, కింది గుర్తు దాకా రానీయకుండా పోసుకోండి, పై గుర్తు దాటించొద్దు. దారిలో ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే ఘాట్లో ఉన్నా సరే పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపేయండి, ఇంటిదాకా పోదాంలే అనుకోవద్దు. బానెట్ కిందనుంచి పొగ కనబడినా అంతే.

ఇంకొకటి, మీరే కిందికి దూరి చూస్తానన్నారు. వట్టి జాకీ మీద, లేదా కడప బండలు పేర్చి వాటి మీద బండి నిలబెట్టి కింద పడుకోవద్దు. పరిచిన బండ ఎంత బరువైనా మోస్తుంది. పేర్చిన బండ బరువు ఒకపక్కకు పడితే చప్పున విరుగుతుంది, తప్పుకునే వ్యవధి ఉండదు. స్టాండ్లు లేకపోతే ఏ సర్వీసింగ్ ర్యాంపుకో తీసుకెళ్ళి కాసేపు ఎత్తించుకోండి.

ఆదివారం కడిగి పౌడర్ అద్దండి, సోమవారం పొద్దున బడికి పోతూ ఘాట్ పైన ఆపి చూడండి. ఆ వీడియో మీ మెకానిక్‌కే చూపించి, "పైనుంచి దిగుతోంది, ముందు ఇది చేద్దాం" అని చెప్పండి. మంచి పనివాడైతే ఏమీ అనుకోడు. పీసీవీ చూసి, ప్యాకింగ్ వేసి, మళ్ళీ కడిగి, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక డిప్‌స్టిక్ ఎంత తగ్గిందో నాకు రాయండి. అప్పటికీ వంద మిల్లీలీటర్లకు పైన తగ్గుతుంటే వాల్వ్ సీళ్ళ సంగతి చూద్దాం.